పై కాయిల్, కింద కాయిల్

బాబా ముందు జానీని పిలిచాడు. ఓబులేసుని కాదు, జానీని. ఓబులేసు డ్రైవరుగా ఉన్న పద్నాలుగేళ్ళలో ఆ అరబ్బు ఇంట్లోకి ఏ కొత్త వస్తువు వచ్చినా, టీవీ కానీ పొట్టేలు కానీ, యజమాని బాబా నోట్లోంచి మొదట వచ్చే మాట "ఓబుల్!" అనే. ఈ ఆదివారం పొద్దున మగవాళ్ళ ముందుగది మజ్లిస్ గుమ్మం దగ్గర ఓబులేసు ఒక కాలి చెప్పు విడిచి, రెండోది విడవకుండా అలాగే నిలబడిపోయాడు. రెండో డ్రైవరు జానీ అతన్ని దాటుకుని లోపలికి వెళ్ళాడు.

బాబా పరుపు మీద దిండుకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. పక్కన పెద్దకొడుకు నాసర్. లండన్‌లో ఉద్యోగం, వారం సెలవు మీద వచ్చాడు. ఎదురుగా బల్ల మీద రెండు వేప్‌లు. పొగాకు లేకుండా పొగనిచ్చే కరెంటు సిగరెట్లవి. పెన్నంత పొడుగు బ్యాటరీలు, వాటి మీద బిగించిన గాజు ట్యాంకులు, వాటిలో ఆపిల్ వాసన జ్యూస్. మూడు నెలల కిందట బాబా గుండెకి స్టెంట్ వేసి, డాక్టరు సిగరెట్టు మాన్పించాడు. అప్పట్నించీ బాబాకి అన్నం సయించదు, నిద్ర పట్టదు, ఇంట్లో ఎవరి ముఖమూ నచ్చదు. అది చూడలేక నాసర్ వీటిని తెచ్చాడు. ఈ దేశంలో వీటిని అమ్మరు. ఏది మేలో అడగడానికి అంగడి కూడా లేదు. శుక్రవారం తను విమానం ఎక్కేలోపల బాబా ఏదో ఒకటి తేల్చుకుంటే, ఇక వచ్చినప్పుడల్లా దానికి సరిపడే కాయిళ్ళే తెస్తానన్నాడు.

"నువ్వు మీ ఊళ్ళో సెల్‌ఫోన్లు బాగుచేసేవాడివి కదా. చెప్పు, ఏది మంచిది?" అన్నాడు బాబా, తనకొచ్చిన హిందీలో అరబ్బీ కలిపి.

జానీ గొంతుక్కూర్చుని రెండింటినీ వెలుతురుకి పట్టి చూశాడు. రాయచోటి బస్టాండులో చిన్న బంకులో కూర్చుని ఫోన్లు విప్పిన చేతులు అవి. "ఇది పై కాయిల్ బాబా. వేడెక్కే తీగచుట్ట పైన, మూతి దగ్గర ఉంటాది. దాన్నించి ఒత్తులు కిందికి వేలాడతాయి. అవి జ్యూస్ పీల్చుకోవాల. ఇదేమో కింద కాయిల్. తీగచుట్ట అడుగునే, జ్యూస్‌లోనే ఉంటాది. నన్నడిగితే ఇదే మేలు."

"అదెట్ల?" అన్నాడు ఓబులేసు గుమ్మంలోంచే. ఎవరూ అడగకుండానే లోపలికొచ్చి బల్ల పక్కన నిలబడ్డాడు. "బాబా, మా ఇంట్లో ఒత్తుల స్టవ్వు ఉండె. కిరసనాయిలు కింద, మంట పైన. ఒత్తి కిందనించి పైకి పీల్చాల. నూనెలో మునిగింది యాడన్నా మండుతుందా? పై కాయిలే మంచిది."

అతనికి వేప్ గురించి ముక్క తెలియదు. జానీ కింద అన్నాడు గనక తను పైన అన్నాడు, అంతే. జానీ గనక పై కాయిల్ అని ఉంటే, ఇదే నోటితో స్టవ్వునీ ఒత్తినీ తిట్టిపోసేవాడే.

బాబా మూడు నెలల తర్వాత మొదటిసారి పళ్ళు కనబడేలా నవ్వాడు. "సరే. పైది ఓబుల్ చూసుకుంటాడు, కిందది జానీ. గురువారం దాకా రెండూ తాగుతాను. ఎవరిది గెలిస్తే వాళ్ళు నా బండి నడుపుతారు. ఓడినవాడు మామాకి, చేపల మార్కెట్టుకి."

నాసర్ నవ్వాడు, జానీ కూడా నవ్వాడు. ఓబులేసుకి మాత్రం నవ్వు రాలేదు. బాబా వెనకసీట్లో కూర్చునే మనిషి కాదు, డ్రైవరు పక్కనే కూర్చుంటాడు. దారి పొడుగునా మాట్లాడతాడు, మోకాలి మీద చరుస్తాడు, తన అన్నదమ్ముల్ని తిట్టుకుంటాడు. మామా, అంటే ఇంటి అమ్మగారు, వెనక కూర్చుని ఫోను చూసుకుంటుంది. ఆమె బండి నడిపేవాడికి అద్దంలో ముసుగు తప్ప ఏమీ కనబడదు. అక్కడికి పంపుతానని బాబా నవ్వుతూ అనేశాడు. అదీ ఎవరి కోసం? రెండేళ్ళ కిందట తన నోటితో తను బాబాని బతిమాలి వీసా ఇప్పించుకుని తెచ్చుకున్న జానీ కోసం.

సోమవారం పొద్దున బాబా పై కాయిల్ పట్టుకుని నాలుగు దమ్ములు లాగి ముఖం చిట్లించాడు. గొంతులో ఎండుగడ్డి కాల్చినట్టుందన్నాడు. జానీ పక్కనించి, "ఒత్తులు ఆరిపోయినాయన్నా. పక్కకి వాల్చి తిప్పు, తడుస్తాయి," అన్నాడు మెల్లిగా. ఓబులేసు వేప్ అందుకుని, అరచేతిలో అడ్డంగా పడుకోబెట్టి, అటూ ఇటూ తిప్పి మళ్ళీ ఇచ్చాడు. ఈసారి చల్లటి పొగ మెత్తగా వచ్చింది. బాబా కళ్ళు మూసుకున్నాడు.

అక్కణ్ణించి అదొక పద్ధతి అయిపోయింది. నాలుగు దమ్ములు, చెయ్యి చాచడం. ఓబులేసు అందుకోవడం, వాల్చడం, తిప్పడం, తిరిగి ఇవ్వడం. ఎర్రలైటు దగ్గర ఆగినప్పుడల్లా బాబా చెయ్యి దానంతటదే ఇటు వచ్చేది, మాట కూడా అక్కర్లేదు. ముషైరిబ్ కింద పార్కింగులో బండి ఆపి, పాతబజారు సూక్‌లో బాబా స్నేహితులు కూర్చునే చోటికి కూడా ఓబులేసు వెంట వెళ్ళాడు. వాళ్ళ వెనక నిలబడి నాలుగు దమ్ములకొకసారి వంగి వేప్ తిప్పి ఇచ్చాడు. వాళ్ళలో ఒక ముసలాయన "ఇతనెవరు, నీ పొగల మంత్రిగారా?" అనడిగితే బాబా పగలబడి నవ్వాడు. ఓబులేసుకి ఏనుగెక్కినంత సంబరమైంది.

ఆ సాయంత్రమే జానీ పరువు పోయింది. మధ్యాహ్నం బాబా కింద కాయిల్‌ని బండిలో సీటు మీద పడేసి నమాజుకి వెళ్ళొచ్చాడు. బయట నలభై ఆరు డిగ్రీల ఎండ. తిరిగొచ్చి దాన్ని జేబులో పెట్టుకున్నాడు. వేడికి పలచబడిన జ్యూస్ అడుగునించి కారి, ఒంటి మీది పొడుగాటి తెల్లటి అంగీ, తోబు మీద గోధుమరంగు మరక అరచేతంత పరుచుకుంది. మామా జానీని వంటింటి వాకిట్లో నిలబెట్టి చడామడా తిట్టింది. జానీ తలొంచుకుని తోబు అందుకుని, సబ్బు పెట్టి తనే ఉతకడం మొదలుపెట్టాడు.

"దాన్ని నిలబెట్టి పెట్టాలన్నా," అన్నాడు నురగ చేతులతో. "నిండా పోయగూడదు, ఎండలో పడుకోబెట్టగూడదు. అంతే, ఇంకేం చూసుకోబన్లేదు. తప్పు నాదే, బాబాకి చెప్పకపోతి."

"నూనెలో మునిగింది కారకుండా ఉంటుందా," అన్నాడు ఓబులేసు. లోపల పకపకా నవ్వుకున్నాడు. ఆ పూట రెండు చపాతీలు ఎక్కువ తిన్నాడు.

వంట చూసే సుభాషిణి అతని కంచం వంక చూసింది. అమలాపురం దగ్గర మనిషి, నోరు ఊరుకోదు. "ఏంటండీ ఓబులేసు గారూ, జానీ తిట్లు తింటే మీ కడుపు నిండిందే!"

"నీకెందుకమ్మా? అన్నం పెట్టు."

"పెడతానండి, పెట్టకేం. అన్నా అన్నా అంటూ మీ చుట్టూ తిరుగుతాడని అంటున్నాను గానీ."

మంగళవారం కథ అడ్డం తిరిగింది. జానీ కింద కాయిల్‌ని కడిగి, తుడిచి, ముప్పావు వంతే జ్యూస్ పోసి, బండిలో కప్పు పెట్టే గుంటలో నిటారుగా నిలబెట్టి బాబాకి చూపించాడు. బాబా ఒక దమ్ము లాగాడు, ఆగాడు. ఇంకొకటి లాగాడు. "వేడిగా ఉంది," అన్నాడు. "సిగరెట్టులాగే గొంతుకి తగులుతోంది. నీది చల్లగా ఉంటుంది ఓబుల్, సాంబ్రాణి పీల్చినట్టు." పొద్దున్నించి మధ్యాహ్నం దాకా బాబా చెయ్యి ఒక్కసారి కూడా చాచలేదు. వాల్చాల్సిన పని లేదు, తిప్పాల్సిన పని లేదు. చివరి చుక్క దాకా అదే రుచి. ఓబులేసు ఎర్రలైటు దగ్గర ఆగి, అలవాటుగా కుడిచెయ్యి కాస్త ఎత్తి, ఎవరూ ఏమీ ఇవ్వకపోయేసరికి గేరు మీద పెట్టుకున్నాడు.

ఒళ్ళు మండిపోయింది. మనిషి మీద మండిందా, వస్తువు మీద మండిందా అంటే చెప్పలేడు. మధ్యాహ్నం గదిలో జానీ మంచం కేసి చూస్తే, దుప్పటి నీటుగా మడిచి ఉంది. అది చూసినా మండింది. వాడికి పనితనం ఎక్కువ, మర్యాద ఎక్కువ, శుక్రవారం బాబా పక్కన మసీదులో నిలబడే వీలు కూడా వాడికే ఉంది. అల్లా కూడా వాడి పక్షమే అనుకున్నాడు ఓబులేసు. అలా అనుకున్నందుకు చెంపలు వేసుకున్నాడు కానీ మంట తగ్గలేదు.

తన పై కాయిల్‌ని కాగితం మీద విప్పాడు. తీగచుట్ట దగ్గర్నించి తెల్లగా వేలాడాల్సిన నాలుగు ఒత్తులూ మాడి నల్లబడ్డాయి, కొసలు పీచులు పీచులుగా ఉన్నాయి. ఓహో, ఇదా సంగతి అనుకున్నాడు. ఇంటి దగ్గర స్టవ్వు మంట ఎర్రబడి పొగ వస్తే పెళ్ళాం ఆంజనమ్మ ఏం చేసేది? ఒత్తులు పైకి లాగి, మాడిన కొసలు సమంగా కత్తిరించేది. మంట నీలంగా నిలబడేది. సుభాషిణి దగ్గర గోళ్ళ కత్తెర అడిగి తెచ్చుకున్నాడు. నాలుకతో పెదవి తడుపుకుంటూ, ఒక్కొక్క ఒత్తినీ పట్టుకుని నల్లటి భాగమంతా సమంగా కత్తిరించాడు. సగానికి సగం పోయాయి. కానీ చూడడానికి ఎంత ముచ్చటగా ఉన్నాయో! మళ్ళీ బిగించి, తువ్వాలుతో గాజు తుడిచి పెట్టాడు.

బుధవారం పొద్దున మామా అతన్ని గ్యాసు సిలిండరు కోసం పంపింది. అతను వచ్చేసరికి జానీ రెండు ట్యాంకులూ నింపి బాబాకి ఇచ్చేశాడు. "నీది కూడా పోసినానన్నా, నువ్వు లేవు గదా." మధ్యాహ్నం దాకా పై కాయిల్ చక్కగా పనిచేసింది. బాబా కూడా మెచ్చుకున్నాడు. ఓబులేసు మనసులో ఆంజనమ్మకి దణ్ణం పెట్టుకున్నాడు.

సాయంత్రం సూక్‌కి బయల్దేరారు. బండ్లు కిక్కిరిసి ఉన్నాయి, ఓబులేసు రెండు చేతులూ స్టీరింగు మీదే ఉన్నాయి. ట్యాంకులో జ్యూస్ సగానికి దిగింది. సగం పొడుగున్న ఒత్తులు ఇక దాన్ని అందుకోలేవన్న సంగతి ఆ బండిలో ఇద్దరికీ తెలియదు. మాటల్లో పడి బాబా గుండెల నిండా ఒక పెద్ద దమ్ము లాగాడు.

దగ్గు మొదలైంది. మామూలు దగ్గు కాదు. మనిషి ముందుకి తూలి, డాష్‌బోర్డు మీద చేతులు ఆన్చి, ఊపిరి దొరక్క మెడనరాలు ఉబ్బేదాకా దగ్గాడు. కళ్ళల్లోంచి నీళ్ళు కారాయి. బండి నిండా మాడిన గుడ్డ వాసన. ఓబులేసు పక్కకి లాగి ఆపి, నీళ్ళ సీసా మూత పళ్ళతో తీసి, ఒక చేత్తో వీపు రాస్తూ తాగించాడు. "బాబా, బాబా, హాస్పిటల్?" బాబా వద్దన్నట్టు వేలు ఊపాడు. చాలాసేపటికి ఊపిరి అందింది. చెయ్యి గుండె మీదే ఉంది.

"ఇది ఎవరు నింపారు?" అన్నాడు బొంగురు గొంతుతో.

"జానీ, బాబా."

అబద్ధం కాదు. నింపింది జానీయే. ఓబులేసు అన్నవి ఆ రెండు మాటలే, తర్వాత నోరు కుట్టేసుకున్నాడు. వెనక బండ్లు హారన్లు కొడుతున్నాయి. అతను బండిని ఇంటికి తిప్పాడు.

జానీకి ఏం జరిగిందో అర్థమయ్యేలోపలే తీర్పు అయిపోయింది. బాబా అతన్ని మజ్లిస్ మెట్ల మీదే నిలబెట్టి, చంపుదామనుకున్నావా అని అరిచాడు. అల్‌ఖోర్ వైపు తోట ఉంది, మేకలున్నాయి, వెళ్ళి వాటికి నీళ్ళు పోసుకో అన్నాడు. ముఖం చూపించొద్దన్నాడు. జానీ మెట్లు దిగాడు. గదికొచ్చి సంచీలో బట్టలు కుక్కుకుంటూ, ఓబులేసు తెచ్చి పడేసిన పై కాయిల్‌ని విప్పి చూశాడు. వేలితో ఒత్తుల కొసలు తడిమాడు.

"ఎవరో కత్తిరించినారన్నా వీట్ని," అన్నాడు. "కత్తెరతో, సమంగా."

"కడిగేటప్పుడు తెగినాయేమో," అన్నాడు ఓబులేసు గోడకేసి చూస్తూ.

జానీ ఆ కాయిల్‌ని మళ్ళీ బిగించి పెట్టాడు. సంచీ భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

చీకటిపడే వేళ సుభాషిణి వంటింటి గుమ్మంలో చెయ్యి చాచింది. "నా కత్తెర ఇప్పించండి." ఓబులేసు జేబులోంచి తీసి ఇచ్చాడు. ఆమె దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని చూసింది. "ఏం కత్తిరించారేంటండి దీంతో?"

"గోళ్ళు."

"ఆపిల్ వాసన వస్తున్నాయే మీ గోళ్ళు!" అంది. నవ్వలేదు. "పాపం, జానీ అన్నం కూడా తినకుండా వెళ్ళాడు. నాకెందుకులెండి," అని లోపలికి వెళ్ళి తలుపు దగ్గరికేసుకుంది. ఓబులేసుకి తల కొట్టేసినట్టయింది.

గురువారం పొద్దున బాబా బండెక్కగానే అక్కడున్న రెండు వేప్‌లూ డాష్‌బోర్డు అరలో పడేసి టక్కున మూశాడు. "ఇవి మాఫీ. వద్దు. ఉమ్ ఘువైలినా పద." అక్కడ ఒక మలయాళీ బకాలా కొట్టు ముందు ఆపించాడు. "ఎర్ర డబ్బా సిగరెట్లు, ఒక లైటరు. ఇంటి దగ్గర కొట్లో అయితే మామాకి తెలిసిపోతుంది." ఓబులేసు కదల్లేదు. బాబా అతని మోకాలి మీద చరిచాడు. "నువ్వొక్కడివే నా మనిషివి ఓబుల్. వాడొచ్చాక నేనే మరిచిపోయాను."

రెండేళ్ళుగా ఈ మాట కోసమే ఓబులేసు చెవి కోసుకున్నాడు. కాళ్ళు వాటంతటవే దిగి కొట్లోకి నడిచాయి. డబ్బా తెచ్చాడు, పైకాగితం చించాడు, ఎప్పటిలాగే అరచేతులు అడ్డం పెట్టి ముట్టించాడు. బాబా తల వెనక్కి వాల్చి పొగ వదిలాడు. ఆ కాసేపూ ఓబులేసుకి ఎంత హాయిగా ఉందో! ఇద్దరే ఉన్నారు, పాతరోజుల్లాగే. కార్నిష్ రోడ్డు పక్కన సముద్రం నీళ్ళు చూస్తూ బాబా మూడు సిగరెట్లు కాల్చాడు. మూడూ ఓబులేసే ముట్టించాడు.

ఇంటికొచ్చాక బాబా మజ్లిస్ మెట్లు ఎక్కాడు. ఉన్నవి మూడు మెట్లు. రెండో మెట్టు మీద ఆగి, గోడ పట్టుకుని, చెయ్యి గుండె మీద వేసుకున్నాడు. పెదవులు బూడిదరంగుకి తిరిగాయి. ఓబులేసు పరుగెత్తబోతే వద్దని సైగ చేసి, కాస్సేపటికి మిగిలిన మెట్టు కూడా ఎక్కి లోపలికి వెళ్ళాడు. బండి తలుపు తెరిచే ఉంది. ఓబులేసు దాన్ని పట్టుకుని అక్కడే నిలబడ్డాడు. ఏం చేశానురా నాయనా అనుకున్నాడు. జానీని మేకల దగ్గరికి పంపాను, ఈయన్ని గోరీకి పంపుతున్నాను, నేనేమో ముందుసీట్లో కూర్చుని సంబరపడుతున్నాను.

మధ్యాహ్నం నమాజు అయ్యాక అరబ్బు కాఫీ ఖావా పోయడానికి మజ్లిస్‌లోకి వెళ్ళాడు. నాసర్ ఫోను చేతిలో పట్టుకుని అడుగుతున్నాడు. "చెప్పండి, ఏ కాయిల్ తేవాలి? పైదా, కిందదా?"

"ఏదీ వద్దు. రెండూ చెత్త," అన్నాడు బాబా.

నాసర్ ఓబులేసు వైపు తిరిగాడు. "నువ్వు దగ్గరుండి చూశావు కదా. నువ్వు చెప్పు."

బాబా దిండు కింద చెయ్యి పెట్టి ఉంది. సిగరెట్ల డబ్బా అక్కడే ఉందని ఓబులేసుకి తెలుసు. బాబా కళ్ళు అతని మీదే ఉన్నాయి, నోరు జారకు అన్నట్టు. ఓబులేసు ఖావా కెటిల్ కింద పెట్టాడు. చేతులు కట్టుకున్నాడు.

"కింద కాయిల్ సార్. దాన్ని నిలబెట్టి పెడితే సాలు, వాల్చేదానికి తిప్పేదానికి పక్కన మనిషి అక్కర్లే. ఎట్ల పెట్టుకోవాల్నో జానీకి తెలుసు. నిన్న పై కాయిల్ మాడింది జానీ వల్ల కాదు బాబా. నేనే ఒత్తులు కత్తిరించినా. మా ఇంట్లో స్టవ్వుకి అట్లనే కత్తిరిస్తాం. అది తెలీక చేసిన తప్పు. కానీ నువ్వు అడిగినప్పుడు జానీ పేరు చెప్పినానే, అది తెలిసే చెప్పినా."

"ఎందుకు?" అన్నాడు బాబా.

ఓబులేసుకి తెలుగులో ఎన్నో మాటలు వచ్చాయి. బాబాకి తెలిసిన మాట ఒక్కటే దొరికింది. "హసద్, బాబా. ఓర్వలేక."

బాబా అతని వైపు ఒకసారి చూశాడు. తర్వాత దిండు కిందనించి ఎర్ర డబ్బా తీసి బల్ల మీద, కొడుకు ముందు, పెట్టాడు. నాసర్ దాన్ని చూసి తండ్రిని చూశాడు.

"బర్రా," అన్నాడు బాబా ఓబులేసుతో. బయటికి పొమ్మని. అరవలేదు. అరిచినా బాగుండేది అనిపించింది.

శుక్రవారం పొద్దున్నే తోటకి వెళ్ళి జానీని తీసుకురమ్మని మామా కబురు. ఓబులేసుని వీసా రద్దు చేసి పంపేసే సంగతి ఎవరూ ఎత్తలేదు. జానీ చేతుల మీద గడ్డి గీతలు, చెప్పుల నిండా మేకల పెంట. ముందుసీట్లో కూర్చుని సీటు బెల్టు పెట్టుకున్నాడు. అల్‌ఖోర్ రోడ్డు ఎక్కారు.

"బాబాకి చెప్పినా," అన్నాడు ఓబులేసు. "నేనే కత్తిరించినానని."

"నాకు ఆ పొద్దే తెలుసన్నా."

"తెలిసీ ఊరికే పోతివేంటికి?"

"నువ్వే చెప్తావని చూస్తాంటి."

"చెప్పకపోయింటే?"

"ఆంజనమ్మొదినకి ఫోన్ చేసి చెప్పుందును," అన్నాడు జానీ. "నీ మొగుడు నీ మాదిరే ఒత్తులు కత్తిరిస్తాండాడు, ఇంక స్టవ్వు కాడ కూడా వాణ్ణే కూర్చోబెట్టుకో అని."

ఓబులేసుకి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. నవ్వునే బయటికి రానిచ్చాడు. "తప్పయిపోయింది రా జానీ," అన్నాడు. జానీ సరే అన్నట్టు తలూపి, కిటికీలోంచి బయటికి చూడసాగాడు.

సాయంత్రం సూక్‌కి బయల్దేరే వేళ బాబా మజ్లిస్ మెట్లు దిగొచ్చాడు. ఓబులేసు గేటు తెరిచి పక్కకి జరిగి నిలబడ్డాడు. బాబా అతని వైపు చూడకుండా బండెక్కి, జానీ పక్కన కూర్చున్నాడు. గేటు దాటేటప్పుడు ఏదో చెప్పి జానీ మోకాలి మీద చరిచాడు. జానీ నవ్వాడు. ఓబులేసు కడుపు భగ్గున మండింది. తప్పు ఒప్పుకున్నంత మాత్రాన మంట ఆరిపోతుందని అతనికెవరూ చెప్పలేదు కదా.

బండి మలుపు దగ్గర నెమ్మదించింది. బాబా వైపు కిటికీ అద్దం దిగింది, తెల్లటి పొగ ఒక్కసారిగా బయటికొచ్చింది. ఓబులేసు రోడ్డు మీదికి నాలుగడుగులు వేసి, ముక్కు ఎగబీల్చి వాసన చూశాడు. పొగాకు కాదు, ఆపిల్. అప్పుడు వెనక్కి వచ్చి గేటు మూశాడు.